పాత కన్వర్టిబుల్ టాప్‌కి బీడింగ్ వేయడం: వైజాగ్‌లో మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

జూన్‌లో మొదటి వాన పడిందంటే చాలు, అవే మెసేజ్‌లు. లోపలికి నీళ్ళొస్తున్నాయి, ఏ బీడింగ్ (సందులు మూసే రబ్బరు పట్టీ) వేయాలి, ఏ గమ్ము వాడాలి అని. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టేశా. హెరాల్డ్, మోరిస్ మైనర్, ఎంజీబీ, బీటిల్ లాంటి గుడ్డ టాప్ బళ్ళున్నవాళ్ళకి ఇది. మీ డౌట్ ఎక్కడుందో నేరుగా అక్కడికే వెళ్ళిపోండి, వరసగా చదవాల్సిన పనేం లేదు.

## కొనేముందు

టాప్ కారుతోంది అన్నా, మొత్తం బీడింగ్ మార్చేస్తే ఆగిపోతుందా?

చాలాసార్లు ఆగదు. ఆగదని ముందే చెప్తే ఎవరికీ నచ్చదు, ఎందుకంటే అప్పటికే కిట్ ఆర్డర్ పెట్టేసి ఉంటారు. యాభై అరవై ఏళ్ళ బండిలో డోర్ హింజ్ పిన్నులు అరిగిపోయి డోర్ కిందకి జారి ఉంటుంది, గ్లాస్ ఒక పక్కకి వాలి ఉంటుంది, టాప్ ముందు అంచులో అడ్డంగా ఉండే బద్ద ముందు అద్దం ఫ్రేము మీద సమంగా కూర్చోదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎంత ఖరీదైన రబ్బరు వేసినా ఒకచోట నలిగిపోతుంది, ఇంకోచోట గాలాడుతుంది. డోర్ సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి, టకటక కదిలిందంటే ముందు హింజ్ పని చేయించండి. రబ్బరు ఖాళీని మూస్తుంది, వంకరని సరిచెయ్యదు.

అసలు టాప్ చుట్టూ ఎన్ని బీడింగ్‌లు ఉంటాయి? షాపువాడు అడిగితే ఏం చెప్పాలో తెలీట్లేదు

బండిని బట్టి మారుతుంది కానీ మామూలుగా ఇవి: ముందు అద్దం ఫ్రేము మీద టాప్ కూర్చునేచోట అడ్డంగా ఒకటి, అద్దం పక్క స్తంభాలకి నిలువుగా చెరొకటి, గ్లాస్ పైఅంచు ఆనే చోట టాప్ ఫ్రేముకి పక్కల ముక్కలు ముక్కలుగా, గ్లాస్ వెనక అంచు దగ్గర నిలువుగా ఒకటి, డోర్ చుట్టూ బాడీకి ఒకటి, ఇంక గ్లాస్ డోర్‌లోకి దిగేచోట లోపలా బయటా సన్నటి పట్టీలు. హెరాల్డ్ కన్వర్టిబుల్‌లో వెనక సైడ్ గ్లాస్ ఉండదు, గుడ్డే చుట్టుకుని డోర్ దాకా వచ్చేస్తుంది. మోరిస్ మైనర్‌లో 1951 నుంచి వెనక సైడ్ గ్లాస్ కదలకుండా ఫిక్స్. బీటిల్‌లో అయితే వెనక గ్లాసులు కూడా దిగుతాయి, అంటే అక్కడ ఇంకో రెండు నిలువు జాయింట్లు మీ తలనొప్పికి అదనం.

నాది ఎంజీఏ, డోర్‌కి గ్లాసే లేదు. దీనికి కూడా వాటర్‌ప్రూఫ్ చేయొచ్చా?

1955 నుంచి 1962 దాకా వచ్చిన ఎంజీఏ రోడ్‌స్టర్‌లో దించి ఎత్తే గ్లాసులు లేవు, తగిలించి తీసేసే సైడ్ కర్టెన్లే. ట్రయంఫ్ టీఆర్3 కూడా అంతే. వీటిలో చినుకులు తగ్గించుకోవచ్చు గానీ పూర్తిగా ఆపడం అనేది ఆ బండి పుట్టినరోజు కూడా లేదు. ముందు బీడింగ్ మంచిది వేసి, కర్టెన్ ఫ్రేము డోర్‌కి గట్టిగా పట్టేలా వంచి సరిచేసి, మిగతాది వదిలేయండి.

ఆటోనగర్‌లో మీటర్ లెక్కన దొరికే బీడింగ్ సరిపోదా? ఇంగ్లండ్ నుంచే తెప్పించాలా?

సగం సరిపోతుంది. డోర్ చుట్టూ వేసేది, డిక్కీకి వేసేది గాజువాక ఆటోనగర్‌లో బస్సు బాడీ, కారు గ్లాస్ పనులు చేసేవాళ్ళ దగ్గర అడిగితే దగ్గరి సైజు దొరుకుతుంది. పాత ముక్క చేతిలో పట్టుకెళ్ళండి, నోటితో వర్ణిస్తే ఎవరికీ అర్థం కాదు. కానీ ముందు అద్దం మీద కూర్చునేది, పక్క ఫ్రేము ముక్కలు, మూలల దగ్గర అచ్చు పోసినవి మాత్రం మీ మోడల్‌వే కావాలి. వాటికి ఒక పెదవి, ఒక గాడి, లోపల ఇనప రేకు, ఇలా ఏదో ఒక ప్రత్యేకత ఉంటుంది, మీటర్ బీడింగ్‌లో అది ఉండదు. ఎంజీబీ, బీటిల్ లాంటివాటికి బయటిదేశాల్లో ఇంకా కిట్‌లు అమ్ముతున్నారు కాబట్టి అవి తెప్పించుకోవడమే నయం. కస్టమ్స్ డ్యూటీ, కొరియర్ కలిపి లెక్కేసుకుని ఒకేసారి అన్నీ తెప్పించండి, ఒక్కొక్క ముక్కకీ విడిగా కట్టుకుంటూ పోతే మోత మోగిపోతుంది.

ఈపీడీఎం, నియోప్రీన్, మామూలు రబ్బరు, సిలికాన్... ఏది మంచిది?

మన ఎండకీ సముద్రపు గాలికీ ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు. ఎండ, ఓజోన్, నీళ్ళు మూడింటినీ బాగా తట్టుకుంటుంది. దాని బలహీనత నూనె: పెట్రోల్, డీజిల్, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. మామూలు రబ్బరు మొదట్లో భలే మెత్తగా ఉంటుంది గానీ సాగి ఉన్నచోటల్లా ఓజోన్‌కి అడ్డంగా పగుళ్ళిస్తుంది. నియోప్రీన్ మధ్యరకం, నూనెకి కాస్త ఓరుస్తుంది. సిలికాన్ వేడికి బ్రహ్మాండం కానీ చిరిగితే ఇట్టే చిరుగుతుంది, మామూలు గమ్ములేవీ దానికి అంటవు. టాప్ దగ్గర గట్టి ఈపీడీఎం కాకుండా లోపల స్పాంజిలా ఉండే రకం అడగండి, వేలితో నొక్కితే దిగి వదలగానే పైకి రావాలి.

పాతది నలిగి చచ్చిపోయింది, సైజు ఎలా కొలవాలి?

రెండు కొలతలు కావాలి, ఆకారం ఒకటి, ఖాళీ ఒకటి. ఆకారానికి, పాత బీడింగ్‌లో తక్కువ నలిగిన చోట, సాధారణంగా మూలల్లోనో ఏదైనా పట్టీ కింద దాక్కున్న చోటో, కొత్త బ్లేడుతో నిలువుగా కోయండి. కోసిన ముఖాన్ని స్టాంప్ ప్యాడ్ మీద అద్ది తెల్లకాగితం మీద ముద్ర వేయండి. గాడి ఎంత లోతు, పెదవి ఎటు వంగింది, లోపల బొక్క ఎంత, అన్నీ అచ్చు గుద్దినట్టు పడతాయి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి అమ్మేవాళ్ళకి పంపితే సగం గొడవ వదిలిపోతుంది.

ఖాళీకి, పిల్లలు ఆడుకునే క్లే తీసుకుని ఉండలు చేసి పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, ఒక జానెడుకొకటి చొప్పున పెట్టి టాప్ మూసి లాచ్ వేసి మళ్ళీ తెరవండి. నలిగిన ఉండ మందమే అసలు ఖాళీ. ఖాళీ 8 మిల్లీమీటర్లుంటే బీడింగ్ 11 నుంచి 12 ఉండాలి, అంటే మూతపడ్డాక సుమారు మూడోవంతు నలగాలి. ఒక చివర 5, ఇంకో చివర 12 వచ్చిందంటే బీడింగ్ కొనడం ఆపి ఫ్రేము సరిచేయించండి.

## పాతది పీకేటప్పుడు

పాతవి పీకి పారేసి తీరిగ్గా కొత్తవి వెతుక్కోవచ్చా?

పారేయకండి బాబూ. ఎటు పైకి, ఎటు కిందకి, ఏ ముక్క ఏ పక్కది అనేది ఆ కుళ్ళిపోయిన రబ్బరే చెప్తుంది. ప్రతి ముక్కకీ మాస్కింగ్ టేప్ అంటించి కుడి ముందు, ఎడమ మధ్య అని రాసిపెట్టండి. పీకకముందే ఫోటోలు తీయండి, ముఖ్యంగా మూలల్లో ఏ ముక్క దేని మీద ఎక్కి కూర్చుందో.

రాయిలా గట్టిపడిన పాత గమ్ము ఎలా తీయాలి? థిన్నర్ కొట్టేయనా?

థిన్నర్ వద్దు. పాత డ్యూకో పెయింట్ అయితే గమ్ముతో పాటు పెయింట్ కూడా గుడ్డకి వచ్చేస్తుంది, అప్పుడు బీడింగ్ పని కాస్తా పెయింటింగ్ పని అయిపోతుంది. హీట్ గన్‌తో దూరం నుంచి కాస్త వెచ్చచేసి ప్లాస్టిక్ గరిటెలాంటి దాంతో గీకండి. మిగిలిన పొరకి గుడ్డ మీద కొద్దిగా టర్పెంటైన్, ఆఖర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక తుడుపు. రేకు గాడిలో పాత గమ్ము ఒక్క మిల్లీమీటరు మిగిలినా కొత్త బీడింగ్ అక్కడ ఎత్తుగా లేచి పక్కనే నీళ్ళకి దారిస్తుంది.

బీడింగ్ తీస్తే కింద అంతా తుప్పు. ఇలాగే కొత్తది వేసేయొచ్చా?

వేయకండి. మన ఊళ్ళో ఇది దాదాపు ప్రతి బండిలో ఉంటుంది, ఉప్పు తడి బీడింగ్ కింద చేరి ఎండే అవకాశం లేక అక్కడే తినేస్తుంది. కొత్త రబ్బరు వేస్తే తుప్పుకి దుప్పటి కప్పినట్టే. వైర్ బ్రష్‌తో రేకు మెరిసేదాకా గీకి, రస్ట్ కన్వర్టర్, దాని మీద ఎపాక్సీ ప్రైమర్, తర్వాత పెయింట్. పెయింట్ చేతికి అంటట్లేదు కదా అని మర్నాడే బీడింగ్ అంటించొద్దు, లోపలి సాల్వెంట్ బయటికి పోయేదాకా వారమైనా వదలండి. చిల్లులు పడి ఉంటే టింకరింగ్ మేస్త్రి దగ్గర రేకు ముక్క వేయించాల్సిందే, ఎం-సీల్ పూసి పైన రంగేస్తే మళ్ళీ వానాకాలానికి ఊడి చేతికొస్తుంది.

మళ్ళీ ఏ స్క్రూలు వాడాలి?

స్టీల్ ఫ్రేముకి స్టెయిన్‌లెస్, అందులో 304 కంటే 316 గ్రేడ్ ఉప్పుగాలికి బాగా ఆగుతుంది. బీడింగ్ పట్టే ఛానల్ అల్యూమినియందైతే స్టెయిన్‌లెస్ స్క్రూ నేరుగా వేస్తే చుట్టూ తెల్లటి పొడి వచ్చి అల్యూమినియం తినేస్తుంది, అందుకే స్క్రూకి కాస్త గ్రీజో ప్రైమరో రాసి బిగించండి. ఆ గ్రీజు రబ్బరుకి అంటకుండా తుడిచేయండి.

## బిగించేటప్పుడు

ముందు ఏం చేయాలి? డోరా, గ్లాసా, టాపా, బీడింగా?

డోర్ ముందు. డోర్ చుట్టూ సందు సమానంగా వచ్చాక గ్లాస్ ఎత్తు, వాలు. ఆ తర్వాత టాప్ ఫ్రేము అద్దం ఫ్రేము మీద లాచ్‌లు బలవంతం చేయకుండానే కూర్చునేలా సర్దుబాటు. బీడింగ్ ఆఖర్న. మెకానిక్‌లు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, బీడింగ్ వేసేసి అది పట్టేలా గ్లాస్‌ని వంచుతారు, ఆర్నెల్లలో గ్లాస్ పైకి ఎక్కడం మొరాయిస్తుంది.

కొత్త టాప్ గుడ్డ కూడా కుట్టిస్తున్నా, బీడింగ్ ముందు వేయాలా తర్వాత వేయాలా?

ఫ్రేము సర్దుబాటు చేసి, బీడింగ్‌లు ఉత్తినే గాడిలో పెట్టి ఒకసారి మూసి చూసుకుని, తీసేసి, గుడ్డ లాగి బిగించాక అప్పుడు అసలు బిగింపు. ముందు బద్ద దగ్గర చాలా బళ్ళలో గుడ్డ అంచు లోపలికి మడిచి దాని మీదనే బీడింగ్ ఛానల్ వస్తుంది కాబట్టి గుడ్డ లేకుండా అది ముందే బిగించడం కుదరదు. సీట్ కవర్ల షాపులో టాప్ కుట్టిస్తుంటే వాళ్ళకి ఈ మాట ముందే చెప్పండి, గుడ్డ మరీ బిగలాగేస్తే ముందు బద్ద వెనక్కి జరిగి లాచ్ అందదు.

ముందు బీడింగ్ ఎక్కణ్ణించి మొదలెట్టాలి? లాగి పెడితే బాగా కూర్చుంటుంది కదా?

మధ్యలోంచి మొదలెట్టి రెండు పక్కలకీ వెళ్ళండి. లాగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. రబ్బరు సాగదీసి అంటిస్తే ఆ రోజు నున్నగా అందంగా కనిపిస్తుంది, నాలుగు ఎండలు తగిలాక తన పొడవుకి తాను వెళ్ళిపోతుంది, మూలల్లో వేలు దూరేంత సందు. కావాలనే కొంచెం ఎక్కువ పొడవు ఉంచి, వేళ్ళతో దగ్గరికి తోసుకుంటూ గాడిలోకి నొక్కండి. చివరలు అప్పుడే కోయకండి, ఒక రాత్రి టాప్ మూసి లాచ్ వేసి వదిలేసి మర్నాడు కోయండి. బ్లేడు సబ్బునీళ్ళలో ముంచి ఒకే ఊపులో కోస్తే అంచు తిన్నగా వస్తుంది, కత్తెరతో కోస్తే స్పాంజి నలిగి అంచు వంకరపోతుంది.

ఏ గమ్ము వాడాలి? ఫెవికాల్ పనికొస్తుందా?

తెల్ల ఫెవికాల్ చెక్కకి, దీనికి కాదు. త్రీఎం వాళ్ళ నల్ల వెదర్‌స్ట్రిప్ అడెసివ్ దొరికితే అదే, పక్కకి కారినా నలుపులో కలిసిపోతుంది. దొరక్కపోతే ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి పసుపు కాంటాక్ట్ గమ్ము. ఈపీడీఎం మీద అచ్చులోంచి వచ్చిన జిడ్డు పొర ఉంటుంది, దాన్ని ఆల్కహాల్‌తో తుడిచి సన్న ఎమెరీ పేపర్‌తో ఒకసారి రుద్దితేనే ఏ గమ్మైనా పడుతుంది. రెండు వైపులా పల్చగా రాసి, వేలి మెటికతో తాకితే తీగలు సాగకుండా ఉన్నప్పుడు అతికించండి. తడిగా ఉండగానే అతికించేస్తే లోపల ఎప్పటికీ ఎండదు. గాడిలో నొక్కి కూర్చునే రకం బీడింగ్‌కి అసలు గమ్మే అక్కర్లేదు, చివరల్లో చుక్క చాలు.

వానాకాలంలో గమ్ము రాస్తే తెల్లగా పాలలా అయిపోతోంది, నకిలీ సరుకా?

సరుకు నకిలీ కాదు, గాలిలో తేమ. గమ్ములో సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడుతుంది, చల్లబడ్డ చోట మన ఉక్కలోని తేమ సన్నగా నీళ్ళై పేరుకుంటుంది. ఆ పొర మీద అతికిస్తే పైకి అంటినట్టే ఉండి గోరు పెడితే ఊడొస్తుంది. తెల్లబడితే తుడిచేసి మళ్ళీ రాయండి. తెల్లారుజామున చల్లగా ఉంది కదా అని మొదలెట్టకండి, మన దగ్గర తేమ ఎక్కువ ఉండేది అప్పుడే. పొద్దెక్కాక నీడలో, రేకు చెయ్యి కాలకుండా ఉన్నప్పుడు చేయండి. కుదిరితే ఈ పని మొత్తం డిసెంబర్ ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి.

ఇన్ని తిప్పలెందుకు, సందుల్లో సిలికాన్ ట్యూబ్ కొట్టేస్తే పోదా?

ఒక వాన ఆగుతుంది. వెనిగర్ వాసనొచ్చే బాత్రూం సిలికాన్ ఎండేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, అది నేరుగా రేకుని తుప్పు పట్టిస్తుంది. పైగా సిలికాన్ తగిలిన చోట తర్వాత పెయింట్ పట్టదు, గమ్ము పట్టదు. నాకైతే సిలికాన్ పూసిన బండి చూస్తే ఆ పని ఒప్పుకోబుద్ధి కాదు.

పక్క బీడింగ్ మూడు ముక్కలుగా ఇచ్చారు, జాయింట్లలో కారుతోంది

టాప్ మడతపడే చోట ఫ్రేము విడిపోవాలి కాబట్టి బీడింగ్ కూడా అక్కడ విడిగానే ఉండాలి, కలిపి అంటించేస్తే మొదటిసారి మడిచినప్పుడే చిరుగుతుంది. రెండు చివరలూ ఒకదాన్నొకటి కొద్దిగా నెట్టుకునేలా ఉండాలి, అంటే ఒక్కో ముక్క ఒకటి రెండు మిల్లీమీటర్లు పొడవు. టాప్ మూసి ఉన్నప్పుడు జాయింట్‌లో పల్చటి కార్డు దూరకూడదు. డోర్ చుట్టూ వేసే బీడింగ్ వేరు, అది ఎప్పుడూ విడిపోదు, దాని రెండు చివరలూ ఫెవిక్విక్‌తో కలిపేయొచ్చు, ఆ అతుకు కింద గుమ్మం దగ్గర వచ్చేలా పెట్టండి.

లోపల బొక్క ఉండే బీడింగ్‌కి వరసగా చిన్న చిల్లులున్నాయి, డిఫెక్టా?

కాదు. నొక్కినప్పుడు లోపలి గాలి పోవడానికి. గమ్ముతో మూసేస్తే బీడింగ్ గాలి నింపిన ట్యూబులా అయిపోయి డోర్ పడదు.

## బిగించాక

కొత్త బీడింగ్ వేశాక డోర్ గుద్దితే గానీ పడట్లేదు

రెండు వారాలు ఓపిక పట్టండి. టాప్ మూసి, గ్లాసులు పూర్తిగా ఎత్తి, డోర్లు లాక్ చేసి పగలు ఎండలో ఉంచండి, రబ్బరు తన ఆకారం తీసుకుంటుంది. అప్పటికీ పడకపోతే స్ట్రైకర్ (డోర్ లాక్ వెళ్ళి పట్టుకునే బాడీ మీది ముక్క) ఒక్క మిల్లీమీటరు బయటికి జరపండి. మొదటిరోజే స్ట్రైకర్ లాగేస్తే రబ్బరు సర్దుకున్నాక డోర్ గలగలలాడుతుంది. అప్పటికీ కష్టంగానే ఉంటే మీరు వేసింది గట్టి రకమో, లావు సైజో.

నీళ్ళ టెస్ట్ ఎలా చేయాలి? వాటర్ వాష్‌కి తీసుకెళ్ళనా?

ప్రెషర్ వాష్ వద్దు, ఆ ఫోర్సుకి మంచి బీడింగ్ కూడా లేస్తుంది, దాన్ని చూసి లేని లీకు వెతుక్కుంటారు. ముందు పొడి టెస్ట్: బీడింగ్ మీద సుద్దముక్క రుద్ది టాప్ మూసి తెరవండి, అవతల గీత తెగకుండా పడాలి, తెగినచోటే మీ లీకు. తర్వాత కాగితం ముక్క మధ్యలో పెట్టి గ్లాస్ ఎత్తి లాగండి, పట్టుకుని రావాలి, జారి రాకూడదు. అప్పుడు నీళ్ళు. లోపల ఒకరు టార్చ్ పట్టుకుని కూర్చోవాలి, బయట ఒకరు మామూలు పైపుతో కింద నుంచి మొదలెట్టి మెల్లగా పైకి రావాలి, ఒక్కో చోట అయిదు నిమిషాలు. పై నుంచి మొదలెడితే నీళ్ళు అన్ని చోట్లకీ కారి ఎక్కణ్ణించి వచ్చిందో తేలదు.

ముందు కాళ్ళ దగ్గరే నీళ్ళు నిలుస్తున్నాయి, టాప్ అంతా పొడిగానే ఉంది

అయితే టాప్ బీడింగ్‌ని తిట్టకండి. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు, బానెట్ వెనక గాలి లోపలికొచ్చే జాలీ, పెడల్స్ వైర్లు దూరే చిల్లుల రబ్బర్లు చూడండి. నీళ్ళు దూరేది ఒకచోట, కనపడేది ఇంకోచోట. డాష్‌బోర్డ్ వెనక టిష్యూ పేపర్లు వరసగా అంటించి పైపు పెట్టండి, మొదట తడిసిన కాగితమే సాక్ష్యం.

డోర్ లోపల నీళ్ళు గలగలమంటున్నాయి, కింద చిల్లులు మూసేశాం, ఇంకా ఎక్కువైంది

మూసినవి తెరవండి, ఈరోజే. గ్లాస్ పక్కన పట్టీ ఎంత కొత్తదైనా కొన్ని నీళ్ళు డోర్‌లోకి దిగుతాయి, అవి పోవడానికే కంపెనీవాళ్ళు కింద చిల్లులు పెట్టారు. అవి మూస్తే డోర్ అడుగు కుళ్ళిపోతుంది. నీళ్ళు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది డోర్ ప్యాడ్ వెనకాల ఉండే ప్లాస్టిక్ షీటు, అది చిరిగిందేమో చూసి కొత్తది అంటించండి. వెనక టాప్ మడిచిపెట్టే గుంతకి కూడా డ్రెయిన్ ఉంటే ఆకులూ దుమ్మూ లేకుండా పొడవండి.

స్పీడ్ అరవై దాటితే టాప్ దగ్గర గాలి ఈల వేస్తోంది

ఆనందపురం హైవే మీదకి తీసుకెళ్ళే ముందు బయట జాయింట్లన్నిటి మీదా మాస్కింగ్ టేప్ వేయండి. ఈల ఆగితే ఒక్కొక్క టేప్ పీకుతూ నడపండి, ఏది పీకినప్పుడు మళ్ళీ వస్తే దొంగ అదే. ఎక్కువసార్లు ముందు బీడింగ్ రెండు చివర్లు, అద్దం స్తంభంతో కలిసే మూల.

## మన ఊళ్ళో వాడుకునేటప్పుడు

రోజూ బీచ్ రోడ్ మీద తిరుగుతా, ఏమైనా ప్రత్యేకంగా చేయాలా?

మంచినీళ్ళతో కడగడం, అంతే. తడిగుడ్డతో బీడింగ్ అంచులు, లాచ్‌లు, గ్లాస్ గాడులు తుడవండి, తర్వాత టాప్ మడవకుండా నీడలో ఆరబెట్టండి. పాత పోస్టాఫీసు, మల్కాపురం వైపు ఉండేవాళ్ళకి ఉప్పుతో పాటు నల్లదుమ్ము కూడా, అది గ్లాస్ పట్టీలో చేరి గ్లాస్ మీద నిలువు గీతలు పెడుతుంది. గ్లాస్ దించేముందు పట్టీ ఒకసారి తుడవండి.

బీడింగ్‌కి కొబ్బరినూనె రాస్తే మెత్తగా ఉంటుందట కదా?

రెండ్రోజులు నిగనిగలాడి తర్వాత దుమ్మంతా పట్టి జిడ్డు అవుతుంది. ఇంజన్ ఆయిల్, గ్రీజు ఇంకా దారుణం. సిలికాన్ గ్రీజు వేలితో సన్నగా రాసి గుడ్డతో తుడిచేయండి, లేదా ఇంట్లో ఉన్న టాల్కం పౌడర్. ఎండాకాలం ముందు ఒకసారి, వానలకి ముందు ఒకసారి చాలు.

వానలో తడిసిన టాప్ మడిచేయొచ్చా?

వద్దు. మన ఉక్కకి రెండ్రోజుల్లో బూజు, వాసన. ఆరేదాకా మూసే ఉంచండి. నెలల తరబడి మడిచి పెట్టడం కూడా మంచిది కాదు, బీడింగ్ ఎలా నలిగి ఉందో అలాగే ఉండిపోతుంది.

తుఫాను వస్తే ఈ బీడింగ్‌లు తట్టుకుంటాయా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్ళు ఈ ప్రశ్న అడగరు. అలాంటి గాలిలో వాన పై నుంచి కాదు, అడ్డంగా, ఒక్కోసారి కింద నుంచి కూడా వస్తుంది, గుడ్డ టాప్ గాలికి పొంగి బీడింగ్ మీద నుంచి లేచిపోతుంది. హెచ్చరిక రాగానే బండిని నీళ్ళు చేరని చోట, పైకప్పున్న చోట పెట్టండి, చెట్ల కింద మాత్రం వద్దు. కవర్ కప్పితే తాళ్ళు వదులుగా ఉంచకండి, కొట్టుకుని కొట్టుకుని పెయింట్ గీకేస్తుంది.

ఒకసారి వేస్తే ఎన్నాళ్ళొస్తుంది, మార్చాలని ఎలా తెలుస్తుంది?

లెక్క చెప్పడం కష్టం, నీడలో ఉండే బండికీ రోడ్డు మీద ఉండే బండికీ చాలా తేడా. గోరుతో నొక్కి చూడండి, గుంట నిలిచిపోతే టైం అయినట్టే. వంచితే సన్న పగుళ్ళు కనిపించినా, చేతికి మసి అంటినా అంతే. అన్నీ ఒకేసారి పోవు. ఎండ నేరుగా తగిలే ముందు బీడింగే సాధారణంగా ముందు పోతుంది కాబట్టి కిట్ కొనేటప్పుడే అదొక్కటి రెండు తీసుకుని, ఒకటి పౌడర్ చల్లి, మడత పెట్టకుండా గుండ్రంగా చుట్టి, నల్ల కవర్లో బీరువా అడుగున పెట్టుకోండి.